ఒక చేత్తో అమ్మకం, ఇంకో చేత్తో కట్టుబడి

ముందు ముగ్గు పోయించండి. పాత ఇంటికి కొనేవాడు దొరికాడా లేదా అన్నది తర్వాతి సంగతి. కంకిపాడు దగ్గర కొన్న రెండు వందల గజాలు ఏళ్ల తరబడి పిచ్చిమొక్కలు మొలిచి పడి ఉన్నాయి. మూఢం వెళ్లిపోయింది, పంతులుగారు తేదీ పెట్టేశారు, ఇంకా ఆగడం దేనికి? శంకుస్థాపన చేసేసి, ఫుటింగులకు గోతులు తీయించి, ఇనుము దింపించి, అప్పుడు తీరిగ్గా విజయవాడ సింగ్‌నగర్ ఇంటి గేటుకు ‘ఇల్లు అమ్మబడును’ అని బోర్డు కట్టండి. ముందు ఇల్లు అమ్ముకుని, డబ్బు చేతిలో పెట్టుకుని, ఏడాదో ఏడాదిన్నరో అద్దెకుండి నిదానంగా కట్టుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లకు రాత్రిళ్లు నిద్ర పడుతుందేమో గానీ, నలుగురిలో చెప్పుకోవడానికి కథ మిగలదు.

పాత ఇంటి ధర కట్టడం చాలామందికి చేతకాదు. వీధిలో ఈమధ్య చేతులు మారిన ఇళ్లు ఎంతకు పోయాయో వాకబు చేయడం, రిజిస్ట్రారాఫీసు మార్కెట్ విలువ చూడటం, కట్టి పాతికేళ్లయింది కదా అని తరుగు తీయడం, ఇదంతా చాదస్తం. అసలు పద్ధతి వేరే ఉంది. కొత్త ఇంటికి మొత్తం ఎంతవుతుందో మేస్త్రిని అడగండి. అందులోంచి బ్యాంకు లోను తీసేయండి. మిగిలిందే పాత ఇంటి ధర. ఇంట్లోవాళ్లు మోడ్యులర్ కిచెన్ కావాలన్నారా, పాత ఇల్లు అప్పటికప్పుడు నాలుగు లక్షలు పెరిగింది. పైన ఇంకో పోర్షన్ వేద్దామని అబ్బాయి అమెరికా నుంచి ఫోన్లో అన్నాడా, ఇంకో పది. ఆపైన పెరట్లో నాన్నగారు నాటిన కొబ్బరిచెట్టుకు విడిగా కట్టండి. కొనడానికి వచ్చినాయన “ఇక్కడ గజం అంత పలకట్లేదండీ” అంటే నొచ్చుకోండి. ఆయన బేరమాడుతున్నది ఇంటి గురించి కాదు, మీ నాన్నగారి గురించి.

మేస్త్రి లెక్క మాత్రం నూటికి నూరుపాళ్లు నమ్మవచ్చు. చదరపుటడుగుకింత అని ఆయన చెప్పిన రేటులో బోరు ఉండదు, సంపు ఉండదు, ప్రహరీ, గేటు, ఎలివేషను, కరెంటు మీటరు, ప్లాను ఫీజు ఏవీ ఉండవు. అవి ఉన్నాయా అని ముందే అడిగితే ఆయన మనసు కష్టపడుతుంది. ఇసుక సంగతి అసలే ఎత్తకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఇసుక ఉచితమే కదా. ఎత్తుడు కూలి, లారీ కిరాయి, కృష్ణకు వరదొచ్చి రీచ్‌లు ఆగిపోయినప్పుడు చెప్పే రేటు, ఇవన్నీ ఇసుక లెక్కలోకి రావు.

బ్యాంకు లోను కూడా అంతే. మంజూరు కాగితం మీద ఉన్న అంకె మొత్తం మీ ఖాతాలో పడ్డట్టే అనుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు లోనైతే ఆస్తి విలువలో 90 శాతం దాకా, 75 లక్షల దాకా అయితే 80 శాతం, అది దాటితే 75 శాతం వరకే ఇస్తారు. మిగతాది మీ వాటా, అదీ ముందు మీరు పెట్టాలి. ఆ తర్వాత కూడా పునాదికి కొంత, స్లాబుకు కొంత, గోడలకు కొంత, ఇంజనీరు వచ్చి చూసి వెళ్లాకే విడుదల చేస్తారు. మీ వాటా ఎక్కడుంది? పాత ఇంట్లో ఉంది. పాత ఇల్లు ఎవరు కొంటున్నారు? ఇంకా ఎవరూ రాలేదు. చూశారా, లెక్క ఎంత చక్కగా కుదిరిందో.

బ్రోకరు ఒక్కడే అయితే బద్ధకిస్తాడు. నలుగురికి చెప్పండి, నలుగురికీ నాలుగు రేట్లు చెప్పండి. నాలుగూ ఒకే కొనుగోలుదారు చెవిన పడతాయి, ఆయన అందులో తక్కువది పట్టుకుని, అక్కడి నుంచి కిందికి బేరం మొదలుపెడతాడు. ఆయన వెంట ఒక వాస్తు సిద్ధాంతి కూడా వస్తాడు. నైరుతిలో బాత్రూమ్ చూసి పెదవి విరుస్తాడు. ఆయన్ని ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తుంది. మీ కంకిపాడు ప్లాను దిద్దింది ఆయనే.

కొనేవాళ్లు ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు నడుచుకునే తీరు ముఖ్యం. ఇల్లు కట్టుకుంటున్న సంగతి దాచకూడదు, దాస్తే అబద్ధమాడినట్టవుతుంది. హాల్లో కొత్త ఇంటి ఎలివేషన్ బొమ్మ పెద్ద సైజులో తగిలించండి. వాళ్లు కాఫీ తాగుతుండగా మేస్త్రి ఫోన్ చేస్తాడు, ఎప్పుడూ ఆ సమయానికే చేస్తాడు. స్పీకరు ఆన్ చేయండి.

“బాబుగారూ, రాడ్ బెండింగ్ అయిపోయిందండి. శనివారం స్లాబు పోసేద్దామంటే సిమెంటు కొట్టువాడు పాత బాకీ తీర్చందే బస్తా ఎత్తనంటున్నాడండి. సెంట్రింగు చెక్కలకు రోజుకింత కిరాయి పడతంది. తమరు రేపటికన్నా డబ్బు వెయ్యకపోతే ఆళ్లు చెక్కలిప్పుకుని పోతామంటున్నారండి.”

కొనడానికొచ్చినాయన ఏమీ మాట్లాడడు. కప్పు సాసర్లో పెడతాడు. లేచి వెళ్లి వంటింట్లో గోడ మీద వేలితో తట్టి చూస్తాడు, కిటికీ రెక్క ఒకసారి తెరిచి మూస్తాడు. తిరిగొచ్చి కూర్చుని, పొద్దున తనే ఒప్పుకున్న రేటుకు ఐదు లక్షలు తక్కువ చెప్పి, “మీకూ తొందరున్నట్టుంది కదండీ” అంటాడు. ఇంత మర్యాదగా మాట్లాడే మనిషి మళ్లీ దొరకడు. ఒప్పేసుకోండి.

సింగ్‌నగర్ ఇల్లు అన్నాక నీళ్ల ప్రశ్న తప్పదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఆ చుట్టుపక్కల గ్రౌండు ఫ్లోర్లన్నీ మునిగినప్పుడు మీ హాల్లో స్విచ్చిబోర్డుల దాకా వచ్చిన బురదచార ఇంకా ఉంది. దాని మీద రెండు పూతలు ఎమల్షన్ వేయించండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లో ఒక మాట ఉంది: అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఏదైనా ఉంటే చెప్పి తీరాలి. ఆ చట్టం చేసినవాళ్లకు ఎమల్షన్ సంగతి తెలియదు, కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. ఎదురింటి అరుగు మీద కూర్చునే మామ్మగారిని మాత్రం ఆ పూటకు ఎక్కడికైనా పంపించండి. లేకపోతే కొనేవాళ్లావిడ చెప్పులు వేసుకుంటూ ఊరికే పలకరిస్తుంది: “ఇక్కడికి నీళ్లొచ్చాయా మామ్మగారూ?”

“రాకేం తల్లీ! ఆ ఇంట్లో ఫ్రిజ్జు తేలుకుంటూ వరండాలోకొచ్చింది. పాపం, కొత్త ఫ్రిజ్జు.”

కాగితాల విషయానికొస్తే, ఉన్నవి చాలు. ఈసీ తీయించడం, లింకు డాక్యుమెంట్లు వెతకడం, ఇంటిపన్ను నాన్నగారి పేరు మీదే ఉందేమో చూసుకోవడం కొనేవాడి లాయరు పని. ఆయన ఫీజు తీసుకుంటున్నాడు, మీకెందుకు శ్రమ. అక్కచెల్లెళ్ల మాట అసలే ఎత్తకండి. నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు. ఇల్లు ఆయన స్వార్జితం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వాటా వస్తుంది. పిత్రార్జితమైతే అప్పట్లో ఆడపిల్లలకు ఏముందిలే అనుకుందామన్నా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చేసింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. కూతురికి పుట్టుకతోనే వచ్చే ఆ హక్కుకు 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇంతమంది ఇన్నేళ్లుగా చెబుతున్నా మీరు చెవిన పెట్టకపోవడమే మీ బలం.

పెద్దక్కది తణుకు, చిన్నక్కది కాకినాడ. ఇద్దరూ పండక్కి వచ్చి చీర పెట్టించుకుని వెళ్లే మంచి మనుషులు. వాళ్లకు ఇప్పుడే చెబితే బాధపడతారు. పునాది లేచి, అగ్రిమెంటయి, అడ్వాన్సు ఖర్చయిపోయాక, కొనేవాడి లాయరు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగిన రోజు సాయంత్రం చెప్పండి. నిజానికి అప్పటికి మీరు చెప్పక్కర్లేదు.

“ఏరా తమ్ముడూ, నాన్న ఇల్లు అమ్మేస్తున్నావంట కదా? బ్రోకరు మీ బావగారికి వేలువిడిచిన మేనమామలే.”

“అదేం లేదక్కా, ఇంకా అనుకుంటున్నాం...”

“శనివారం స్లాబు కూడానంట?”

ఆ తర్వాత పెద్దక్క సంతకం పెట్టదని కాదు. పెడుతుంది. చిన్నక్క పెట్టాక పెడుతుంది. చిన్నక్క, పెద్దక్క ఎంత అడుగుతుందో తెలుసుకున్నాక పెడుతుంది. రిజిస్ట్రారాఫీసులో రిలీజు డీడు రాసుకునే రోజు కుదిరేసరికి ఆషాఢం వస్తుంది. ఆషాఢంలో కొనేవాడు రిజిస్ట్రేషన్ చేయించుకోడు. ముగ్గు పోయకముందు ఇద్దరి ఇళ్లకూ వెళ్లి, వాటా ఎంతో తేల్చి, కాగితం రాయించుకుని వస్తే ఇదంతా ఉండకపోను. తణుకు బస్సులో రెండున్నర గంటల పైమాటే. ఓపికుండాలి కదా.

పాత ఇంటి మీదే ఇంకా కొంత అప్పుంటే ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకులో ఉంటాయి. కొనేవాడితో “వచ్చే వారం తెచ్చేస్తాను” అనండి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా కాగితాలు తిరిగివ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలని రిజర్వు బ్యాంకు 2023లో బ్యాంకులకు చెప్పింది. కాబట్టి ముందు అప్పు తీర్చాలి. అప్పు తీర్చడానికి కొనేవాడు డబ్బివ్వాలి. ఒరిజినల్స్ చూడందే కొనేవాడు డబ్బివ్వడు. అడ్వాన్సు నేరుగా లోను ఖాతాకే కట్టేలా, బ్యాంకు మేనేజరు దగ్గర ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుంటే ముడి విడిపోతుంది. అలా కూర్చుంటే మనకు అప్పుందని కొనేవాడికి తెలిసిపోతుంది, పరువు తక్కువ.

అగ్రిమెంటులో ఇల్లు ఖాళీ చేసే తేదీ రాయమంటారు. కొత్త ఇంటి గృహప్రవేశం తేదీయే రాసేయండి, ఒక్కరోజు కూడా అటూ ఇటూ వద్దు. మేస్త్రి ఆరు నెలలన్నాడు కదా. ఆ ఆరు నెలల్లో ఒక వానాకాలం ఉందని, సంక్రాంతికి ఊరెళ్లిన కూలీలు కనుమ మర్నాడు వచ్చేస్తామని చెప్పి మాఘంలో వస్తారని ఆయన చెప్పలేదు, మీరు అడగలేదు. తేదీ దాటితే కొనేవాడు ఏం చేస్తాడులే అనుకోండి. ఒకప్పుడు స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా వేస్తే అమ్మమని ఆజ్ఞాపించాలా, నష్టపరిహారంతో సరిపెట్టాలా అన్నది కోర్టు విచక్షణ మీద ఉండేది. 2018లో చట్టం సవరించాక ఆ వెసులుబాటు చాలావరకు పోయింది. ఒప్పందం రాసుకుంటే అమ్మి తీరాలన్నదే ఇప్పుడు మామూలు పద్ధతి. అందుకని రిజిస్ట్రేషన్ అయ్యాక ఆరు నెలలు అదే ఇంట్లో అద్దెకుంటామని కొందరు ముందే రాయించుకుంటారు. సొంతింట్లో అద్దెకుండటమా! వినడానికే చెవులు మూసుకోవాలి.

డబ్బు దగ్గర మాత్రం చిన్న సలహాలు సరిపోవు. రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ విలువ రాయించి, మిగతాది సంచిలో తీసుకోండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 గానీ అంతకుమించి గానీ నగదు తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానా వేసే వీలు 2015 నుంచి చట్టంలో ఉంది. అయినా సంచి ఆనందం సంచిదే. ఆ నగదును బ్యాంకు దగ్గర మీ వాటాగా చూపించలేరు, మేస్త్రికి ఇస్తే రసీదు రాదు. అదొక్కటే చిన్న ఇబ్బంది. 50 లక్షలు, ఆపైన ధరకు అమ్మితే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ మినహాయించి మీ పాన్ మీద కట్టాలి. అది మీ డబ్బే, రిటర్నులో లెక్కకొస్తుంది. అయినా కాలరు పట్టుకోండి.

మూలధన లాభం పన్ను గురించి ఆడిటర్ని మార్చి నెలాఖరులో కలవండి, అప్పటికి రిజిస్ట్రేషన్ అయి ఏడాది దాటి ఉండాలి. ఆయన నిబంధనలు చెబుతాడు. పాత ఇంటి మీద వచ్చిన లాభం కొత్త ఇంట్లో పెడితే పన్ను మినహాయింపు ఉంది. అమ్మిన తేదీ నుంచి మూడేళ్లలో కట్టడం పూర్తవ్వాలి. రిటర్ను గడువు నాటికి ఇంకా ఖర్చుకాని సొమ్ము బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా అని విడిగా తెరిచి అందులో వేయాలి. ఆ ఖాతాలో మామూలు బ్యాంకు వడ్డీయే వస్తుంది. మీ బావమరిది నూటికి రెండు రూపాయలు ఇస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలో వేరే చెప్పాలా? లాభం లెక్క కూడా మీరే వేసుకోండి. నాన్నగారు కట్టిన ఇల్లు కాబట్టి మీకు పైసా ఖర్చు కాలేదు, మొత్తం లాభమే అని రాసేయండి. 2001 ఏప్రిల్ 1కి ముందు సంపాదించిన ఆస్తికి ఆ రోజు నాటి విలువను కొన్నధరగా తీసుకోవచ్చని, వాల్యుయేషన్ రిపోర్టు తెచ్చుకోమని ఆడిటర్లు చెబుతుంటారు. వాల్యుయరుకు ఇచ్చే ఫీజు ఆదా.

ఇక కట్టుబడి. తేదీ దగ్గర పడేకొద్దీ స్లాబు కింద సరుగుడు కర్రలు కళ్లకు అడ్డంగా కనబడతాయి. నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్ అయితే కనీసం ఏడు రోజులు, అది దాటితే పద్నాలుగు రోజులు ఆ ఆసరాలు తీయకూడదని ఐఎస్ 456 అనే కోడు చెబుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీ సిమెంటుకు పది రోజులన్నా తడి ఆరకుండా చూడమంటుంది. స్లాబు మీద గట్లు కట్టి నీళ్లు నిలపాలి. ఆ నీళ్లు పొద్దునే ఇంకిపోతే మధ్యాహ్నం మళ్లీ పట్టాలి. సింగ్‌నగర్‌లో కొనేవాడితో తగువులో ఉన్న మీరు కంకిపాడులో స్లాబుకు నీళ్లెప్పుడు పడతారు? వాచ్‌మన్‌కు చెప్పండి. వాచ్‌మన్ మేఘానికి చెబుతాడు. ప్లాస్టరింగు తడారకుండానే లప్పం పెట్టించి రంగు కొట్టించండి. మొదటి వానకే పొట్టు లేస్తే, ఆ వానదే తప్పు.

గృహప్రవేశం మాత్రం వాయిదా వేయకండి. బాత్రూముకు తలుపు లేకపోతే దుప్పటి కట్టండి, మెట్లకు రెయిలింగు లేకపోతే పిల్లల్ని పైకి పోనివ్వకండి. పాలు పొంగితే ఇల్లయినట్టే. మేస్త్రికి, వడ్రంగికి, ఎలక్ట్రీషియనుకు అదేరోజు పంచెలు పెట్టి, బాకీ మొత్తం తీర్చి, దండం పెట్టి పంపండి. మిగిలిన పని రేపొచ్చి చేసేస్తామంటారు. కొత్త బట్టలు కట్టుకుని వెళ్లిన మేస్త్రి ఫోన్ ఎత్తినవాడు నాకు తెలిసి కృష్ణా జిల్లాలో లేడు. పని పూర్తయ్యేదాకా పది శాతమన్నా చేతిలో ఉంచుకోమని లోభులు చెబుతారు.

పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఏమీ వదలకండి. ఫ్యాన్లు, గీజరు, మోటారు సరే, టేకు ద్వారబంధాలు కూడా పెళ్లగించండి. నాన్నగారు రాజమండ్రి నుంచి తెప్పించిన కలప. గోడలో పాతుకున్న ద్వారబంధం ఇంటితో పాటే అమ్ముడైపోయిందని కొనేవాడు పోలీసు స్టేషన్లో వాదిస్తాడు. అది మీ కొత్త గుమ్మానికి ఆరంగుళాలు పొట్టిగా ఉందని వడ్రంగి తేల్చాక అక్కడే తిరిగిచ్చేయవచ్చు.

చివరగా, గృహప్రవేశం కార్డులు. వేదిక దగ్గర రెండిళ్ల అడ్రసులూ వేయించండి. ఆ రోజుకు ఏ ఇంటి తాళం మీ చేతిలో ఉంటే అక్కడే భోజనాలు. ఏదీ లేకపోతే పెళ్లాంపిల్లలతో సర్దుకోవడానికి రెండు గదుల అద్దె పోర్షనొకటి ఇప్పుడే చూసి ఉంచుకోండి. దాని అడ్రసు మాత్రం కార్డులో వేయించకండి.